తిరుగు టిక్కెట్టు

విశాఖపట్నం రేవులో విహార నౌకల కోసమని ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబరులో దానికి ప్రారంభోత్సవం జరిగింది. అంతకు ఏడాది ముందు, 2022 జూన్‌లో, కోర్డేలియా కంపెనీ వారి ‘ఎంప్రెస్’ నౌక విశాఖ వచ్చి ఇక్కడి జనాన్ని ఎక్కించుకుని పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. పత్రికలు రంగుల ఫోటోలు వేశాయి. అనకాపల్లి, చోడవరం వంటి ఊళ్ళలో కూడా నాలుగు రాళ్ళు వెనకేసుకున్న కుటుంబాలు ఓడ షికారు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

చెన్నై దాకా అయితే చిక్కు లేదు. గుర్తింపు కార్డు చాలు. కానీ శ్రీలంక రేవు తగిలే ఓడ ఎక్కాలంటే టిక్కెట్టు అమ్మే మనిషి మొదట వేసే ప్రశ్న వేరు. ‘మీ పాస్‌పోర్టు ఎప్పటిదాకా వుంది సార్?’ అంటాడు. ఇంకా నాలుగు నెలలుందని మీరు ధీమాగా చెప్తే అతను తల అడ్డంగా వూపుతాడు. ఆరు నెలలుండాలి. అదీ ఓడ ఎక్కే రోజు నించి కాదు, దిగి ఇంటికొచ్చే రోజు నించి లెక్కేసుకుంటే మంచిదంటాడు. అంటే పాస్‌పోర్టు మీద అచ్చువేసిన ఆఖరు తేదీ నిజానికి ఆఖరు తేదీ కాదు. పదేళ్ళ పాస్‌పోర్టు చాలా దేశాలకు తొమ్మిదిన్నరేళ్ళ పాస్‌పోర్టే.

ఎందుకీ ఆరు నెలలు? ఓడ చెడిపోవచ్చు. మనిషి జబ్బుపడి పరాయి దేశపు ఆసుపత్రిలో చిక్కుకోవచ్చు. గడువు తీరిన కాగితంతో ఒక మనిషి తమ గడ్డ మీద మిగిలిపోతే అతన్ని ఎవరికి అప్పజెప్పాలి? ప్రతి రాజ్యానికీ వున్న భయం ఇదే. మన దేశమూ వచ్చేవాళ్ళని ఇదే అడుగుతుంది. నువ్వెక్కడికి పోతున్నావన్నది పాస్‌పోర్టు అసలు ప్రశ్న కాదు. నువ్వు తిరిగి వెళతావా, వెళితే నిన్ను తీసుకునే వాళ్ళున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ఓడ షికారుకి పోయేవాళ్ళకి ఇదొక చిన్న చికాకు. తత్కాల్‌లో డబ్బు కట్టి కొత్త పుస్తకం తెచ్చుకుంటారు. మాకు మాత్రం ఈ ప్రశ్న కొత్తది కాదు. నాలుగువందల ఏళ్ళకు పైగా సముద్రం ఒడ్డున నిలబెట్టి మమ్మల్ని ఇదే అడుగుతున్నారు.

సముద్రం మీద మాకు షికార్లు లేవు. ఈ జిల్లా సాయిబులకు తెలిసిన ఓడ ప్రయాణాలు రెండే. ఒకటి బతుకు కోసం రంగూను. రెండోది నియ్యత్ కోసం హజ్.

చోడవరం నేటి అనకాపల్లి జిల్లాలో వుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలోది. ఇంకా వెనక్కి పోతే గోల్కొండ ఏలుబడిలోని శ్రీకాకుళం సర్కారులోది. ఫౌజుదార్లు కూర్చున్న కసింకోట ఇక్కడికి దగ్గరే. రాయలసీమలోనో గుంటూరులోనో వున్నంతమందిమి ఉత్తరాంధ్రలో లేము. చాలా కొద్దిమందిమి. అందుకే ఇక్కడ మా చరిత్ర అంటే ఎవరికీ గుర్తుకొచ్చేది ఏమీ వుండదు. విశాఖ రేవు పక్కన కొండ మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా వుంది. రేవులోకి వచ్చేపోయే ఓడలు ఆ దర్గాకు ఎదురుగా జెండా దించి ఎత్తి సలాము చేసేవని 1907 నాటి జిల్లా గెజిటీరులో తెల్లదొరలే రాసుకున్నారు. బంగాళాఖాతం గాలీ కెరటాలూ ఆ వలీ మాట వింటాయని నావికుల నమ్మకం. వాళ్ళలో అన్ని మతాల వాళ్ళూ వున్నారు. ఆ పక్క కొండల మీదే గుడీ వుంది, చర్చీ వుంది.

గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం. పదహారో శతాబ్దం చివరినించీ అక్కడినించి ఎర్రసముద్రానికి ఓడలు నడిచాయి. మక్కా మదీనాల పేదలకు పంచడానికి ఈ తీరం బియ్యం ఆ ఓడల్లో వెళ్ళింది. అయితే అప్పటికే సముద్రం మీద ఒక దొర కూర్చున్నాడు. పోర్చుగీసువాడు. అతని దగ్గర ‘కర్తాజు’ అనే చీటీ కొనకుండా ఏ ఓడా కదలకూడదు. చీటీ లేని ఓడ దొరికితే సరుకు పోయేది, ఓడ పోయేది, మనుషులూ పోయేవాళ్ళు. సముద్రం ఎవడబ్బ సొత్తని అడిగే దమ్ము మొగలు చక్రవర్తికి కూడా లేకపోయింది. అక్బరు మేనత్త గుల్‌బదన్ బేగం 1575లో హజ్‌కి బయల్దేరి, ఈ చీటీ తెగక సూరత్‌లో నెలల తరబడి కూర్చోవలసి వచ్చింది. 1576లో గాని ఓడ కదల్లేదు. చక్రవర్తి మేనత్తకే అంత ఆలస్యమైతే మామూలు హాజీ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ చీటీ మీద మరియమ్మ, ఏసు బొమ్మలుండేవట. మఖ్దూముల్‌ముల్క్ అనే పెద్ద ఆలిం దాన్ని పట్టుకుని ఫత్వా ఇచ్చాడు. నేల దారి షియాల ఇరాన్ గుండా పోతుంది, నీటి దారికి బొమ్మలున్న ఫిరంగీ చీటీ కావాలి, కాబట్టి ఈ కాలంలో హజ్ ఫర్జ్ కాదని ఆయన వాదన. బదాయునీ దీన్ని వెటకారంగా రాసిపెట్టాడు. ఆలిం గారికి ప్రయాణం తప్పించుకునే వంకే దొరికింది. మామూలు జనం మాత్రం ఆ బొమ్మల చీటీతోనే ఓడ ఎక్కి వెళ్ళారు. కాగితం మీద ఏముందన్నది మా జనం ఎన్నడూ పట్టించుకోలేదు. అది వుంటేనే దారి తెరుచుకుంటుందన్నంత వరకే వాళ్ళకు కావాలి. పోతే, ఆ రోజుల్లో ఓడకు గడువు పెట్టింది రాజొక్కడే కాదు, గాలి కూడా. రుతుపవనాల గాలి ఏడాది లెక్కన తిరుగుతుంది. హజ్ నెలవంక లెక్కన ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. రెండూ కలవని ఏళ్ళలో హాజీ నెలల తరబడి అరబ్బు గడ్డ మీద ఆగిపోయేవాడు. అదొక బాధ అని ఎవరూ అనుకోలేదు. ఆగిపోతే మరికొన్ని నమాజులు హరంలో దొరుకుతాయి.

ఆవిరి ఓడ వచ్చి గాలి బెడద తీర్చింది. 1869లో సూయజు కాలువ తెరిచాక జిద్దా మరీ దగ్గరయింది. టిక్కెట్టు పేదవాడికీ అందింది. ఆ పేదవాడే బ్రిటిషువాడికి తలనొప్పి అయ్యాడు.

1865లో మక్కాలో కలరా పుట్టి, తిరిగివచ్చే హాజీల వెంట యూరపు దాకా పాకింది. మరుసటేడే రాజ్యాలన్నీ కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమై హాజీని అనుమానితుడిగా చూడడం మొదలుపెట్టాయి. ఎర్రసముద్రంలో కమరాన్ దీవిలో దింపి, బట్టలు ఉడకబెట్టి, రోజుల తరబడి ఆపి పంపేవారు. అది రోగం లెక్క. రెండో లెక్క దరిద్రం. పొలం అమ్మో, నగలు అమ్మో ఒకవైపు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళినవాళ్ళు తిరుగు డబ్బుల్లేక జిద్దా వీధుల్లో పడివుంటున్నారని కాన్సల్ రిపోర్టులు రాసేవాడు. ‘బికారి హాజీలు’ అని వాళ్ళకొక పేరు పెట్టారు. తమ ప్రజలు పరాయి సుల్తాను వీధిలో అడుక్కుంటుంటే తెల్లదొరతనానికి తలవంపు. వెనక్కి తెచ్చుకుందామంటే ఖర్చు.

అప్పుడే హాజీకి పాస్‌పోర్టు పుట్టింది. 1880ల నించీ హాజీ పాస్‌పోర్టులు ఇచ్చారు. బొంబాయిలో హాజీల సంరక్షకుడనే ఉద్యోగాన్ని సృష్టించారు. 1886లో హజ్ ప్రయాణాల ఏర్పాటును థామస్ కుక్ కంపెనీకి అప్పజెప్పారు. ఔను, దొరలకు నైలు నది మీద ఓడ షికార్లు అమ్మిన ఆ కంపెనీకే. కొన్నేళ్ళు చేసి గిట్టక వదిలేసింది. షికారు చేసేవాడి దగ్గర మిగిలినట్టు ఒక ముసలి హాజీ దగ్గర లాభం మిగలదు గదా. చివరికి 1920ల నడుమ చట్టం బిగించారు. తిరుగు టిక్కెట్టయినా కొనాలి, తిరుగు ఖర్చు డిపాజిట్టయినా కట్టాలి. లేకపోతే ఓడ ఎక్కనివ్వరు.

ఇది హాజీల మేలుకే అని అప్పటి ముస్లిం పెద్దలు చాలామంది సమర్థించారు. కొంత నిజం. ఆకలితో చచ్చేకంటే టిక్కెట్టు చేతిలో వుండడం మంచిదే. కానీ ఆ చట్టానికి అర్థం కాని విషయం ఒకటుంది. వాళ్ళలో అందరూ తిరిగి రావాలనుకోలేదు. హజ్‌కి బయల్దేరేవాడు అప్పులు తీర్చి, ఇంటింటికీ పోయి ‘కహా సునా మాఫ్’ చేయించుకుని, మూటలో కఫన్ గుడ్డ పెట్టుకుని పోయేవాడు. ఆ గుడ్డను జమ్‌జమ్ నీళ్ళలో తడిపి తేవడానికే కాదు, అక్కడే అవసరపడితే అదృష్టమని కూడా. మక్కాలో చావు దొరకాలని దువా చేసుకునే మనిషికి రాజ్యం తిరుగు టిక్కెట్టు అమ్మింది. తిరిగి రాకపోవడమనేది ఒక కోరిక కావచ్చని ఏ రాజ్యానికీ తట్టదు.

అదే కాలంలో మా తీరాన ఇంకో రకం ఓడలు తిరుగుతుండేవి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నించి రంగూను ఓడ. కాగితం లేదు, గడువు లేదు. బర్మా అప్పుడు హిందూదేశంలో భాగం. కూలివాడు డెక్కు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడమే. బర్మావాళ్ళు ఈ తెలుగువాళ్ళని కోరంగివాళ్ళన్నారు. కోరంగి రేవు పేరు మనిషి పేరైపోయింది. ఆ ఓడలో సాయిబూ నాయుడూ మాలా మాదిగా ఒకే డెక్కు మీద ఒకే నీళ్ళు తాగారు.

1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. నిన్నటిదాకా పక్క జిల్లాకి పోయినట్టు పోయినవాడు ఒక్కరోజులో పరదేశి అయ్యాడు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడి అందరికీ తెలుసు. 1938 జులై అల్లర్లు మాత్రం ఏరికోరి ముస్లింల మీద జరిగాయి. ఒక బర్మా ముస్లిం రాసిన పాత పుస్తకాన్ని వంక చేసుకుని మసీదులు తగలబెట్టారు. కోరంగి కూలీగా ఒకసారి, ముసల్మానుగా మరోసారి తన్నులు తిన్నవాళ్ళు మా జనంలో వున్నారు. 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకుని ఈ రాకపోకలకు అనుమతి పత్రాలు, గడువులు పెట్టాలని నిర్ణయించాయి. ఆ కాగితాలు పూర్తిగా అమలు కాకముందే డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది కాలినడకన అడవుల్లో పడి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కున్నాక మిగిలినవాళ్ళు ఓడల మీద వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రాకకు గుర్తు. ఆ ఓడలకు తిరుగు టిక్కెట్టు లేదు.

ఇక 1947. దీని గురించి మా ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

దక్షిణాదిన విభజన లేదనుకుంటారు చాలామంది. రైళ్ళలో శవాలు రాలేదు, నిజమే. కానీ కాగితం వచ్చింది. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాను నించి వచ్చేవాళ్ళకు పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరు 15 నించి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా పద్ధతి వచ్చింది. కరాచీలో కొట్టు పెట్టుకున్న అన్నను చూడ్డానికో, పెళ్ళికో, పని వెతుక్కుంటూనో వెళ్ళినవాడు తిరిగి రావాలంటే ఏం చెయ్యాలి? అక్కడ వీసా కావాలంటే చేతిలో ఒక పాస్‌పోర్టు వుండాలి. అక్కడ దొరికే పాస్‌పోర్టు ఒకటే. అది తీసుకుని సొంత వూరికి వచ్చాడు. తలుపు తట్టాడు. వాళ్ళమ్మ తలుపు తీసింది. పోలీసు రిజిస్టర్లో మాత్రం ఒక విదేశీయుడు ప్రవేశించాడని రాసుకున్నారు.

1961లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు సరిగ్గా ఇదే. ఆ కేసును కోర్టుకి తీసుకుపోయింది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ముద్దాయి ఇక్కడి మనిషి. పాకిస్తాను వెళ్ళి, 1955 జనవరిలో ఆ దేశపు పాస్‌పోర్టుతో తిరిగొచ్చాడు. వీసా ఏప్రిల్ మధ్య వరకే. గడువు దాటినా వూళ్ళోనే వుండిపోయాడని విదేశీయుల చట్టం కింద కేసు. రాజ్యాంగం వచ్చిన రోజున అతను భారతీయుడే, తర్వాత ఆ పౌరసత్వం పోయిందా లేదా అనేది కేంద్ర ప్రభుత్వం విచారించి తేల్చాలి, తేల్చకుండా శిక్ష వెయ్యడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అతను బయటపడ్డాడు. అతనికి చట్టం తెలిసిన వకీలు దొరికాడు. దొరకని వాళ్ళ సంగతి లా రిపోర్టుల్లో వుండదు.

ఆ చట్టంలోనే ఇంకో మాట వుంది. 1956 పౌరసత్వ నియమాల మూడో షెడ్యూలులో మూడో నియమం ప్రకారం వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్నావంటే ఆ దేశపు పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్నట్టు తిరుగులేని రుజువు. ఇంటికి రావడానికి తీసుకున్నాను అని చెప్పుకోవడానికి లేదు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ ఈ నియమాన్ని సమర్థించింది. సరే. మరి మన దేశం ఇచ్చిన పాస్‌పోర్టు మన పౌరసత్వానికి అంతే తిరుగులేని రుజువా? కాదు. 1967 పాస్‌పోర్టు చట్టం ఇరవయ్యో సెక్షను ప్రకారం ప్రభుత్వం అవసరమనుకుంటే పౌరుడు కానివాడికి కూడా పాస్‌పోర్టు ఇవ్వొచ్చు. కాబట్టి అది ఆఖరి రుజువు కాదంటారు. పరాయి కాగితం మనిషిని పరాయివాణ్ణి చెయ్యడానికి చాలుతుంది. సొంత కాగితం సొంతవాణ్ణి చెయ్యడానికి చాలదు. చట్టం అందరికీ ఒకటే, కాదనం. కానీ ఈ రెండు వాక్యాల మధ్య పడి నలిగిన పేర్లు చదివి చూడండి, అవి ఎవరి పేర్లో తెలుస్తుంది.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా వాడల్లో జనం ఇనప్పెట్టెలు తెరిచి కాగితాలు వెతుక్కున్నారు. ఎన్నడూ ఏ దేశమూ పోనివాళ్ళు, పోయే తాహతు లేనివాళ్ళు కూడా పాస్‌పోర్టుకు అర్జీ పెడదామా అని ఒకరినొకరు అడిగారు. ప్రయాణానికి కాదు. వుండడానికి. ఓడ షికారుకి పోదామని పాస్‌పోర్టు తీసుకునే పొరుగువాడికి ఈ భేదం చెప్తే అర్థం కావడానికి కాస్త టైము పడుతుంది.

మళ్ళీ హజ్ దగ్గరికి వద్దాం. స్వతంత్రం వచ్చాక 1948 మార్చి 14న విశాఖ నౌకా నిర్మాణ కేంద్రంలో ‘జల ఉష’ను నెహ్రూ జలప్రవేశం చేయించారు. దేశం సొంత ఓడలు కట్టుకుంటోందని మేమూ మురిసిపోయాం. ఆ ఓడలు కట్టే వూరి హాజీ మాత్రం జిద్దాకి ఓడ ఎక్కాలంటే బొంబాయి పోవాలి. చోడవరం నించి బండి మీదో బస్సు మీదో అనకాపల్లి, అక్కడ రైలు, దారిలో మారుతూ బొంబాయి. క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర సాబూ సిద్దిఖ్ ముసాఫిర్‌ఖానాలో మకాం. అక్కడ టీకాలు, కాగితాలు, ఓడ రోజు కోసం నిరీక్షణ. ఆ తర్వాత మొగల్ లైన్ ఓడ. వారం పది రోజుల సముద్రం.

ఆ హాజీ చేతిలో మామూలు పాస్‌పోర్టు కాదు, ‘పిల్‌గ్రిం పాస్’ వుండేది. ఒక్క సఫర్‌కే పనికొచ్చే కాగితం. వెళ్ళి రావడంతో దాని పని సరి. దానికి పదేళ్ళ గడువు లేదు, తిరగరాయించుకునే బాధా లేదు. 1959లో రిజర్వు బ్యాంకు హాజీల కోసం నోట్లు కూడా వేరే అచ్చేసింది. రంగు వేరు, నంబరు ముందు హెచ్.ఎ. అనే అక్షరాలు. ఆ నోటు వూళ్ళో చెల్లదు. ఈ పాసు ఇంకో దేశానికి చెల్లదు. ఒక రకంగా ఇది దయ. చదువురాని ముసలివాళ్ళకి పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పింది. ఇంకో రకంగా చూస్తే, జన్మలో ఒక్కసారి సరిహద్దు దాటే మనిషికి దేశం పూర్తి పుస్తకం కాకుండా ఒక చీటీ ఇచ్చి సరిపెట్టింది. అయినా పాసు పోయినందుకు పెద్దవాళ్ళు బాధపడ్డారు. మేమూ వాళ్ళ పక్షమే.

1995తో హజ్ ఓడలు ఆగిపోయాయి. అంతా విమానాలే. 2009 హజ్ నించి సౌదీ ప్రభుత్వం పిల్‌గ్రిం పాసులు ఒప్పుకోనంది. అందరికీ అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరి. అప్పటినించీ చోడవరం ముసలమ్మకు, ఓడ షికారుకి పోయే సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కాగితం ఒకటైంది. సమానత్వం అంటే ఇదేనేమో! ఆ కుర్రాడికి తెలిసిన గడువు లెక్కలు ఆమెకూ తెలియాలి. తెలియకపోతే ఒక ఏడాది పోతుంది. అరవై డెబ్భై ఏళ్ళ మనిషికి ఒక ఏడాది పోవడమంటే చిన్న విషయం కాదు.

హజ్ కమిటీ ప్రకటనలు వరసగా చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 2024 హజ్‌కి పాస్‌పోర్టు 2025 జనవరి 31 దాకా చెల్లాలన్నారు. 2025 హజ్‌కి 2026 జనవరి 15 దాకా. 2026 హజ్‌కి 2026 డిసెంబరు 31 దాకా. ఏటా పదిహేను పదహారు రోజులు వెనక్కి. ఆకాశంలో చంద్రుడు జరిగినట్టే సర్కారు తేదీ కూడా జరుగుతూ వచ్చింది. హజ్ హిజ్రీ లెక్కన నడుస్తుంది. పాస్‌పోర్టు ఇంగ్లీషు కేలండరు లెక్కన చస్తుంది. పదేళ్ళ కిందట పాస్‌పోర్టు తీసుకున్న రోజుల్లో హజ్ సెప్టెంబరులో పడేది. 2025లో జూన్ మొదటి వారానికి వచ్చింది. 2026 తేదీలు మే చివరి వారంలోకి జరిగాయి. పాత లెక్క గుర్తుపెట్టుకున్నవాళ్ళు బోల్తాపడతారు.

పైగా అర్జీ పెట్టే ఆఖరు రోజుకే పాస్‌పోర్టు చేతిలో వుండాలి. 2025 హజ్‌కి 2024 ఆగస్టులోనే అర్జీలు తీసుకున్నారు. అంటే హజ్‌కి పది నెలల ముందు, ఖుర్రాలో పేరు వస్తుందో రాదో తెలియక ముందే, హజ్ తర్వాత ఏడు నెలల దాకా చెల్లే పుస్తకం సిద్ధంగా వుండాలి. వెరసి ఏడాదిన్నర. మా ఇళ్ళలో ఈ మాటలు ఎలా నడుస్తాయో మాకు బాగా తెలుసు.

‘అమ్మీ, నీ పాస్‌పోర్టు అక్టోబరు దాకే వుంది.’

‘హజ్ జూన్‌లోనే కద బేటా. జులైకల్లా వచ్చేస్తాం కద.’

‘వచ్చేసినా వొప్పుకోరమ్మీ. జనవరి దాకా వుండాలంట.’

‘అల్లా పిలిస్తే జూన్‌లో పోతా. జనవరి దాకా నేనుంటానని వాళ్ళకి నేనెట్లా రాసిచ్చేది?’

ఈ ప్రశ్నకు ఏ ఆఫీసులోనూ జవాబు లేదు. జవాబు లేనంత మాత్రాన అర్జీ ఆపకూడదు. గడువు తీరడానికి ఏడాది ముందునించే కొత్త పుస్తకానికి పెట్టుకోవచ్చు. మిగిలిన నెలలు కొత్తదానిలో కలపరు, పోతాయి. పోనివ్వాలి. ఆ నెలల మీద మమకారంతో ఆగి, హజ్ పోగొట్టుకోవడం కంటే అది నయం. ఉమ్రాకు పోయేవాళ్ళకీ ఆరు నెలల లెక్కే.

తేదీ కంటే పెద్ద గండం పేరు. మా పేర్లు ఉర్దూలో ఒక్క తీరుగా రాస్తాం. తెలుగులోకి వచ్చేసరికి షేక్, షేఖ్, షేక అని మూడవుతాయి. ఇంగ్లీషులోకి పోయేసరికి స్కూలు మాస్టారి చేతిలో ఒకటి, రేషను డీలరు చేతిలో ఒకటి, ఆధార్ కుర్రాడి చేతిలో ఒకటి. మహమ్మద్ అనే పేరుకు ఈ రాష్ట్రంలో ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కపెట్టడం మా వల్ల కాదు. పైగా ఆంధ్రా ముస్లింలది తెలుగువాళ్ళ అలవాటు. షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్‌లను ఇంటిపేరులా ముందు రాస్తాం. హైదరాబాదు వాళ్ళకి అది పేరులో భాగం. ఫారంలో ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు ఇంకో గడిలో పడాలి. పెళ్ళికి ముందు బీ, పెళ్ళయ్యాక బేగం, ఓటరు కార్డులో ఉన్నీసా. పాత పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా వుంటే కొత్త పుస్తకం ఆగిపోతుంది. పుట్టిన తేదీ సంగతి ఇక అడగొద్దు. బడిలో చేర్పించేటప్పుడు హెడ్మాస్టరు వేసిన తేదీయే మా తరానికి పుట్టినరోజు. బడికే పోని మా అమ్మలకు అదీ లేదు.

బ్రిటిషువాళ్ళ కాలంలో పర్దానషీన్ స్త్రీలకు పాస్‌పోర్టు మీద ఫోటో మినహాయించేవాళ్ళు. అది పోయింది, మంచిదే. మొహం లేని కాగితం ఆడమనిషికి ఎన్నడూ మేలు చెయ్యలేదని మా అభిప్రాయం. 2015 నవంబరు 24 తర్వాత చేతిరాత పాస్‌పోర్టులు, అతికించిన ఫోటోల పాస్‌పోర్టులు పోయాయి. వాటిలో 2001కి ముందు ఇరవయ్యేళ్ళ గడువుతో ఇచ్చినవి కూడా వున్నాయి. ఇంకా గడువు వుండగానే అవి విదేశాలకు చెల్లకుండా పోయాయి. అచ్చువేసిన తేదీ ఆఖరు తేదీ కాదనడానికి ఇదొక దాఖలా.

2018 జనవరిలో రెండు సంగతులు ఒకే నెలలో వచ్చాయి. హజ్ సబ్సిడీ ఆపేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. 2012లోనే సుప్రీంకోర్టు పదేళ్ళలో తీసేయమని చెప్పింది కాబట్టి మాలో చాలామందికి దాని మీద పేచీ లేదు. ఆ డబ్బు విమాన కంపెనీకి పోయిందే గాని హాజీకి చేరలేదని మేమే ఎన్నోసార్లు రాశాం. రెండోది, ముంబయి నించి జిద్దాకి హజ్ ఓడలు మళ్ళీ నడపడానికి సౌదీ ప్రభుత్వం ఒప్పుకుందని మంత్రి చెప్పారు. కొత్త ఓడలు రెండు మూడు రోజుల్లో చేరతాయని, ఖర్చు తగ్గుతుందని అన్నారు. సబ్సిడీ ఆగింది. ఓడ కదల్లేదు.

విశాఖ టెర్మినల్‌కి మళ్ళీ ఏదో ఒక విహార నౌక వస్తుంది. చోడవరం నించి కుటుంబాలు వెళతాయి, వెళ్ళాలి కూడా. రేవు దాటేటప్పుడు ఎడమ పక్కనో కుడి పక్కనో ఆ కొండ కనిపిస్తుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ తీసి తేదీ చూసుకోవడం ఎలాగూ తప్పదు గనక, మా వాడలో అమ్మీల పుస్తకాలు కూడా ఎవరైనా చదువుకున్న పిల్లలు ఒకసారి తీసి చూస్తే బావుండు. వచ్చే హజ్ అర్జీలు ఎప్పుడు తెరుస్తారో హజ్ కమిటీ ప్రకటన వస్తేగాని తెలియదు. తెరిచాక ఇచ్చే టైము మూడు నాలుగు వారాలే.